పిల్లల అక్రమ రవాణా, దోపిడీ: మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల రక్షణ కోసం పనిచేసే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో నా పని ఎక్కువగా ఫోన్ దగ్గరే. అవతల తల్లిదండ్రులుంటారు, టీచర్లుంటారు, బస్సులో ఏదో చూసి రాత్రంతా నిద్రపట్టనివాళ్లుంటారు, ఒక్కోసారి పిల్లలే ఉంటారు. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాసిపెడుతున్నాను. ఒక పాపో బాబో ఈ నిమిషంలోనే ప్రమాదంలో ఉన్నట్టు మీకు తెలిస్తే మాత్రం ఇది చదువుతూ కూర్చోకండి. ముందు పోలీసులకి ఫోన్ చేయండి, తర్వాత వచ్చి చదవొచ్చు.

అక్రమ రవాణా అంటే పిల్లల్ని ఎత్తుకెళ్లడమేనా?

చాలామంది మనసులో ఉన్న బొమ్మ అదే. నల్ల వ్యాను, మత్తుమందు రుమాలు, ముక్కూమొహం తెలియని మనిషి. అలాంటివి అసలు జరగవని నేననను. కానీ మా దగ్గరికి వచ్చే కేసుల్లో ఎక్కువసార్లు, తీసుకెళ్లిన మనిషికి ఆ పిల్ల పేరు ముందే తెలుసు. దూరపు బంధువు, పక్కవీధి ఆంటీ, ప్రేమిస్తున్నానన్న కుర్రాడు, తనూ ఇలాగే వెళ్లి ఇప్పుడు మంచి బట్టలతో తిరిగొచ్చిన స్నేహితురాలు. ఒక్కోసారి, చెప్పడానికే కష్టంగా ఉంటుంది, కన్నవాళ్లే. అందుకే కొత్తవాళ్లతో మాట్లాడొద్దు అని మాత్రమే నేర్పితే పిల్లలకి సగం కూడా నేర్పినట్టు కాదు.

రవాణా అనే మాట కూడా మనల్ని కొంచెం పక్కదారి పట్టిస్తుంది. 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పాలెర్మో ప్రోటోకాల్ అనే అంతర్జాతీయ ఒప్పందం దీనికి నిర్వచనం ఇచ్చింది, చాలా దేశాల చట్టాలు దాన్నే ఆధారం చేసుకున్నాయి. దాని ప్రకారం దోపిడీ చేసే ఉద్దేశంతో ఒక పిల్లని పనిలోకి చేర్చుకున్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లినా, ఇంకొకరికి అప్పగించినా, ఇంట్లో దాచినా, ఇంకొకరి దగ్గర్నుంచి తీసుకున్నా నేరమే. సరిహద్దు దాటాల్సిన పనిలేదు. ఆ పిల్ల పుట్టిన వీధిలోనే అంతా జరిగిపోవచ్చు.

పిల్ల తనే ఇష్టపడి వెళ్లిందంటున్నారు. మరి అది కూడా అక్రమ రవాణానేనా?

అవును. పెద్దవాళ్ల విషయంలో బలవంతమో మోసమో బెదిరింపో జరిగినట్టు చూపించాలి. 18 ఏళ్ల లోపు పిల్లల విషయంలో అదే ప్రోటోకాల్ ఆ షరతును తీసేసింది. పిల్ల ఒప్పుకుందా, నవ్వుతూ వెళ్లిందా, బ్యాగు తనే సర్దుకుందా అన్నది లెక్కలోకి రాదు. తల్లి ఒప్పుకున్నా అంతే. ఈ ఒక్క విషయం తెలియక ఎంతమంది పెద్దలు "దానికి ఇష్టమేనట కదా, మనకెందుకు" అని ఊరుకున్నారో తలుచుకుంటే బాధేస్తుంది.

ఎంతమంది పిల్లలు ఇలా చిక్కుకుని ఉన్నారు?

అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఆధునిక బానిసత్వం మీద పనిచేసే వాక్ ఫ్రీ అనే సంస్థ, అంతర్జాతీయ వలసల సంస్థ కలిసి వేసిన అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారు. అందులో 33 లక్షల మంది పిల్లలు. ఆ పిల్లల్లో సగానికి పైగా లైంగిక వ్యాపారంలో ఉన్నవాళ్లు. ఇది అంచనా. బయటపడిన కేసుల లెక్క వేరే ఉంటుంది. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం 2024 నివేదికలో చెప్పిన ప్రకారం, 2022లో వివిధ దేశాల్లో గుర్తించిన బాధితుల్లో 38 శాతం పిల్లలే. ఆడపిల్లలు 22 శాతం, మగపిల్లలు 16 శాతం. ఆ 16ని దయచేసి గుర్తుపెట్టుకోండి. మగపిల్లలకి ఇలాంటివి జరగవనే నమ్మకం వల్ల వాళ్లని ఎవరూ అడగరు, అడగకపోతే వాళ్లు చెప్పరు.

ఎవరైనా మీకు ఇంకా పెద్ద, ఒళ్లు గగుర్పొడిచే అంకె చూపించి డబ్బు అడిగితే, అది ఎక్కడిదని అడగండి. దాక్కుని జరిగే నేరాన్ని తలలు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టలేం. నిజాయితీగా పనిచేసే సంస్థ ఏ అంకె చెప్పినా ఇది అంచనా, ఇది నమోదైన కేసు అని విడదీసి చెబుతుంది.

పనిచేసే పిల్లలందరూ అక్రమ రవాణా బాధితులేనా?

కాదు. 2024లో బాల కార్మికుల సంఖ్య 13 కోట్ల 80 లక్షలని కార్మిక సంస్థ, యునిసెఫ్ అంచనా వేశాయి. 2020లో ఇది 16 కోట్లు. వీళ్లలో చాలామంది సొంత కుటుంబంతోనే పొలంలో పనిచేసేవాళ్లు. అదీ పిల్లల హక్కుల సమస్యే, కాకపోతే దాని పరిష్కారం వేరు. స్కూలు, కుటుంబ ఆదాయం, చట్టం సరిగ్గా అమలుకావడం. పిల్ల కదలికల మీద, జీతం మీద, బయటికెళ్లే దారి మీద వేరొకరి పెత్తనం ఉన్నప్పుడు మా చెవులు నిక్కబొడుచుకుంటాయి. అడ్వాన్సు తీర్చేదాకా కదలడానికి వీల్లేదంటే అది వెట్టిచాకిరీ, ఆ చేసే పని ఎంత తేలికగా కనిపించినా సరే.

ఎలాంటి పిల్లల్ని ఎంచుకుంటారు?

ఎవరికోసం ఎవరూ వెతకరో వాళ్లని.

బడి మానేసిన పిల్ల, ఇంట్లో కొట్లాటలు భరించలేక బయటే ఎక్కువసేపు గడిపే పిల్లాడు, తల్లిదండ్రులు వలసపోయి ముసలివాళ్ల దగ్గర ఉంటున్నవాళ్లు, అప్పులో కూరుకుపోయిన కుటుంబం, వరదో భూకంపమో యుద్ధమో వచ్చి చెల్లాచెదురైన కుటుంబం. పుట్టిన రుజువు లేని పిల్లలు ఇంకా సులువుగా చిక్కుతారు. ఐదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు 15 కోట్ల మంది పుట్టుక ఎక్కడా నమోదు కాలేదని యునిసెఫ్ 2024లో చెప్పింది. కాగితం లేని పిల్ల వయసు 13 కావచ్చు, కానీ దళారి 19 అంటే 19 అయిపోతుంది, కాదని చూపించడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. జనన ధ్రువీకరణ పత్రం ఇప్పించడం ఏ పేపర్లోనూ ఫొటో పడని పని. నా లెక్కలో అంతకంటే మంచి రక్షణ పని తక్కువ.

అయితే డబ్బున్న ఇళ్ల పిల్లలకి ఇది జరగదనుకోకండి. ఒంటరితనం ఉన్న ప్రతి ఇంటికీ ఆన్‌లైన్‌లో ఎవరో ఒకరు తలుపు తడతారు. "నిన్ను మీవాళ్లు అర్థం చేసుకోరు, నాకు చెప్పు" అనే మాటతో మొదలవుతుంది. తర్వాత చిన్న బహుమతి, తర్వాత ఒక రహస్యం, తర్వాత ఆ రహస్యం పేరుతో బెదిరింపు. ఈ వరస దాదాపు అన్ని కేసుల్లోనూ ఒకేలా కనిపిస్తుంది, అది చూసీ చూసీ నాకు ఆ మొదటి మాట వినగానే కడుపులో తిప్పుతుంది.

ఏమేం గమనించాలి?

ఒక్క గుర్తు చూసి ఒక నిర్ణయానికి రాకండి. రెండు మూడు కలిసినప్పుడు ఆలోచించండి. ఏ ప్రశ్న అడిగినా పిల్ల పక్కనున్న మనిషి మొహం చూసి జవాబు చెబుతోందా? ఎక్కడికి వెళ్తున్నారో, ఏ ఊరికి వచ్చారో తనకే తెలియదా? చెప్పే కథ బట్టీపట్టినట్టు ప్రతిసారీ అదే వరసలో వస్తోందా? వయసుకి మించిన ఫోను, బట్టలు ఉన్నట్టుండి వచ్చి, ఎక్కడివంటే కోపం వస్తోందా? స్కూలు టైములో ఒక ఇంట్లో రోజూ కనిపిస్తూ, ఆ ఇంటి పిల్లలు బడికి వెళ్తుంటే తను మాత్రం వెళ్లట్లేదా? ఆఖరిది చాలా ఇళ్లలో మన కళ్లముందే ఉంటుంది. "మా బంధువుల అమ్మాయి, సాయంగా ఉంటుందని తెచ్చుకున్నాం" అంటారు. మనం టీ తాగి వచ్చేస్తాం.

అనుమానం వచ్చింది. ఇప్పుడు ఏం చేయాలి?

ఎదురెళ్లి నిలదీయకండి. ఇది మీ ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. మీరు అడిగి వెళ్లిపోతారు, ఆ రాత్రి దెబ్బలు తినేది పిల్ల, తెల్లారేసరికి ఇంకోచోటికి మార్చేస్తారు కూడా. చూసింది చూసినట్టు రాసుకోండి. టైము, చోటు, బండి నంబరు, మనుషులు ఎలా ఉన్నారు, పిల్ల ఏ బట్టల్లో ఉంది, ఏ భాషలో మాట్లాడుకున్నారు. గంట గడిస్తే మనం చూసినదానికి మన ఊహ కలిసిపోతుంది, అందుకే వెంటనే రాయమనేది.

తర్వాత మీరున్న దేశంలోని అత్యవసర నంబరుకో పిల్లల హెల్ప్‌లైన్‌కో చెప్పండి. భారత్‌లో పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఇది 1996లో ముంబైలో మొదలైంది. బ్రిటన్‌లో చైల్డ్‌లైన్ 0800 1111, యూరప్‌లో చాలా దేశాల్లో 116 111, తప్పిపోయిన పిల్లల కోసమైతే 116 000. వేరే దేశాల్లో ఉన్నవాళ్లు అక్కడి నంబరు ఏమిటో ఇప్పుడే, ఏ అవసరం లేనప్పుడే, ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. టెన్షన్‌లో ఉన్నప్పుడు వెతకడం రాదు.

నా పేరు బయటికొస్తుందా? నేను పొరబడి ఉంటే?

చాలా హెల్ప్‌లైన్‌లకి పేరు చెప్పకుండానే సమాచారం ఇవ్వొచ్చు. పొరబడితే ఒక ఉద్యోగి వెళ్లి చూసి, ఏమీ లేదని రాసుకుని వచ్చేస్తారు. మీ పని నిరూపించడం కాదు, చూసింది చెప్పడం. అబద్ధమని తెలిసీ పగతో చేసే ఫిర్యాదు వేరు, అది ఎవరి జీవితాన్నైనా కూల్చేస్తుంది కాబట్టి చేయొద్దు.

ఒక పిల్ల నాతోనే చెప్పింది. నేనేం అనాలి?

ఈ జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక పట్టండి, ఎందుకంటే ఎక్కువ నష్టం మంచి మనుషుల చేతుల్లో ఇక్కడే జరుగుతుంది.

పిల్లలు మొత్తం ఒకేసారి చెప్పరు. ముందు చిన్న ముక్క చెప్పి మీ మొహం చూస్తారు. మా ఫోనుకి ఒక బాబు మూడు రోజులు వరసగా చేశాడు, వివరాలు మార్చి చెబుతున్నాను. మొదటి రోజు ఏమీ మాట్లాడలేదు, వెనక ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. "మాట్లాడకపోయినా పర్లేదు నాన్నా, నేను లైన్‌లోనే ఉంటాను" అన్నాను. నాలుగు నిమిషాలున్నాడు. రెండో రోజు "మా ఫ్రెండ్‌కి ఒకటి అడగాలి" అన్నాడు, ఇంతలో ఎవరో వచ్చినట్టున్నారు, పెట్టేశాడు. మూడో రోజు ఫ్రెండ్ సంగతి చెబుతూ చెబుతూ మధ్యలో ఒకచోట "వాడు" అనాల్సినచోట "నేను" అన్నాడు. నేను ఆ మాట పట్టుకోలేదు. చెప్పనిచ్చాను. ఆ క్షణంలో నేను అయ్యో అని గట్టిగా అనుంటే, లేదా అంటే నువ్వేనా అని అడిగుంటే, ఆ తర్వాత మళ్లీ ఫోను వచ్చేది కాదేమో.

కాబట్టి కంగారు మొహంలో కనపడనివ్వకండి. "చెప్పి మంచిపని చేశావు. ఇందులో నీ తప్పు లేదు" అనండి. అంతే. ఎందుకు వెళ్లావు, ముందే ఎందుకు చెప్పలేదు, అరవొచ్చు కదా, ఇలాంటివి ఒక్కటీ వద్దు. ఎవరికీ చెప్పనని మాటివ్వకండి, ఆ మాట మీరు నిలబెట్టుకోలేరు, పైగా ఈ పిల్లకి పెద్దవాళ్లు మాట తప్పడం కొత్త కాదు. "నీకు సాయం చేయగలిగేవాళ్లకి మాత్రమే చెబుతాను, చెప్పేముందు నీకు చెబుతాను" అనొచ్చు. వివరాలు గుచ్చి గుచ్చి అడగొద్దు. ఆ పని శిక్షణ ఉన్నవాళ్లది. ఒకే విషయాన్ని టీచరుకి, పోలీసుకి, డాక్టరుకి, లాయరుకి విడివిడిగా చెప్పించడం పిల్లని మళ్లీ మళ్లీ గాయపరచడమే. ఇది గుర్తించే 1998లో ఐస్‌లాండ్ బార్నహుస్ అనే పద్ధతి మొదలుపెట్టింది. బార్నహుస్ అంటే పిల్లల ఇల్లు. ఇల్లులాంటి ఒక గదిలో శిక్షణ ఉన్న ఒక్క మనిషి పిల్లతో మాట్లాడతారు, మిగతావాళ్లు వేరే గదిలోంచి చూస్తారు, అది రికార్డవుతుంది. ఆ తర్వాత యూరప్‌లో చాలా దేశాలు ఆ దారిలో నడిచాయి. ప్రతి దేశంలో, ప్రతి జిల్లాలో అలాంటి గది ఒకటుండాలని నా కోరిక.

మీరే నేరుగా వెళ్లి పిల్లల్ని బయటికి తీసుకురావచ్చు కదా?

ఇది కోపంతో అడిగేవాళ్లు ఎక్కువ. ఆ కోపం నాకు అర్థమవుతుంది, నాకూ వస్తుంది. కానీ చట్టం ప్రకారం ఆ అధికారం పోలీసులదీ పిల్లల సంరక్షణ అధికారులదీ. మేం సమాచారం ఇస్తాం, పక్కన నిలబడతాం, పిల్లకి తెలిసిన భాషలో మాట్లాడే మనిషిని పంపిస్తాం, వెళ్లేముందే ఆ రాత్రి వాళ్లు ఎక్కడ పడుకోవాలో ఏర్పాటు చేస్తాం. ఆధారాలు చెదిరిపోతే కేసు కోర్టులో నిలవదు, దళారి బయటికొచ్చి ఇంకో పది మందిని తెస్తాడు.

మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదనడానికి రెండు సంగతులు చెబుతాను. 2007లో ఒక ఫ్రెంచ్ సంస్థ చాద్ దేశం నుంచి 103 మంది పిల్లల్ని విమానంలో తీసుకెళ్లబోయి పట్టుబడింది. వాళ్లంతా పక్కదేశం సూడాన్‌లోని దార్‌ఫుర్ యుద్ధంలో అనాథలైనవాళ్లని చెప్పారు. తీరా చూస్తే చాలామంది చాద్ పిల్లలే, చాలామందికి అమ్మానాన్నా ఉన్నారు. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చిన కొద్దిరోజులకే పది మంది అమెరికన్లు 33 మంది పిల్లల్ని సరైన కాగితాలు లేకుండా సరిహద్దు దాటించబోతూ అరెస్టయ్యారు. అక్కడా అంతే, తల్లో తండ్రో బతికున్న పిల్లలే ఎక్కువ. వాళ్లకి మంచి చదువు దొరుకుతుందని చెబితే ఆ తల్లిదండ్రులు అప్పగించారు. పిల్లని ఇచ్చేసిన తల్లి వైపు నుంచి చూస్తే దళారి చెప్పే మాటకీ దీనికీ తేడా ఎక్కడుంది?

బయటికొచ్చాక ఏమవుతుంది?

అసలు పని అప్పుడే మొదలవుతుంది. వైద్య పరీక్షలు, వయసు నిర్ధారణ, వాంగ్మూలం, కుటుంబం ఎక్కడుందో వెతకడం, బడి, కోర్టు వాయిదాలు. కేసు ఏళ్లతరబడి నడుస్తుంది. దానికి పిల్ల పక్కన ఒకే మనిషి మొదటి నుంచి చివరిదాకా ఉండాలి, ప్రతి ఆర్నెల్లకీ కొత్త కేసు వర్కర్ వస్తే మళ్లీ మొదటికొస్తుంది.

మా షెల్టర్‌లో ఒకమ్మాయి చెప్పులు దిండు కింద పెట్టుకుని పడుకునేది. ఎందుకని ఎవరం అడగలేదు. తెల్లారి లేచేసరికి వాటి మురికి దిండు గలీబుకి అంటేది, మా ఆయమ్మ రోజూ ఉతికి ఆరేసేది, ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. ఐదో నెలలో ఒకరోజు చెప్పులు మంచం కింద కనిపించాయి. తర్వాత ఒక వారానికి, గుమ్మం బయట, మిగతా పిల్లల చెప్పులతో కలిపి. ఆయమ్మ నన్ను పిలిచి చూపించింది, ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. మా వార్షిక నివేదికలో దీన్ని ఏ గడిలో రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.

కొందరు మళ్లీ అక్కడికే వెళ్లిపోతారట. అలాంటప్పుడు ఏం లాభం?

వెళ్తారు, నిజమే. తనని వాడుకున్న మనిషి మీదే ప్రేమ, భయం, అలవాటు అన్నీ ముడిపడి ఉంటాయి. ఆ మనిషే కొట్టాడు, జ్వరమొస్తే ఆ మనిషే మందూ ఇచ్చాడు. బయటేమో ఊరు మాటలంటుంది, ఇంట్లో అప్పు అలాగే ఉంటుంది. వెళ్లిపోయిన పిల్లని కృతఘ్నురాలనకండి. తిరిగొచ్చినప్పుడు తలుపు తెరిచి "తిన్నావా" అని అడగాలి, ఎన్నిసార్లయినా.

పిల్లల్ని ఇంటికి పంపిస్తారా, హోమ్‌లోనే ఉంచుతారా?

ఇల్లు సురక్షితమైతే ఇంటికే. అమ్మిందే ఇంట్లోవాళ్లయితే ఇంకో బంధువు, లేదా పెంపక కుటుంబం, అవేవీ కుదరనప్పుడు మాత్రమే హోమ్, అదీ వీలైనంత తక్కువ కాలం. 2009లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే.

పెద్ద పెద్ద అనాథాశ్రమాలకి విరాళాలిచ్చేవాళ్లకి ఒక మాట. అక్కడున్న చాలామంది పిల్లలకి తల్లో తండ్రో ఉంటారు. కొన్ని దేశాల్లో విరాళాల కోసం, చూడ్డానికి వచ్చే విదేశీయుల కోసం, పల్లెల నుంచి పిల్లల్ని తెచ్చి అనాథలని చూపించే వ్యాపారమే నడిచింది. ఆస్ట్రేలియా 2018లో తన ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు ఈ విషయం మీద బాగా చర్చ జరిగింది. రెండు వారాలు సెలవుపెట్టి వెళ్లి పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు దిగి వచ్చేసే పద్ధతి ఆపేయండి. ప్రతి రెండు వారాలకీ ఒక అన్నో అక్కో వదిలేసి వెళ్లిపోతుంటే ఆ పిల్లల మనసు ఏమవుతుందో ఆలోచించండి.

మా అబ్బాయి నగ్న ఫొటోలు పెట్టుకుని ఎవరో డబ్బు అడుగుతున్నారు. ఏం చేయాలి?

ముందు అబ్బాయిని దగ్గరకి తీసుకోండి. తిట్టడం, ఫోన్ లాక్కోవడం తర్వాత సంగతి, అసలు వద్దేవద్దు. ఈ బెదిరింపుల్లో కొన్ని గంటల్లోనే పిల్లలు ప్రాణం తీసుకున్న ఘటనలు ఉన్నాయి, అందుకే ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. డబ్బు పంపొద్దు, పంపితే ఆగరు, ఇంకా అడుగుతారు. చాట్, అకౌంట్ పేరు, డబ్బు అడిగిన మెసేజ్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి. అకౌంట్ డిలీట్ చేయకండి, బ్లాక్ చేసి ఆ యాప్‌లో రిపోర్ట్ కొట్టి పోలీసులకి చెప్పండి.

ఫొటో వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల కోసం 1984లో అమెరికాలో ఏర్పడిన జాతీయ కేంద్రం దీన్ని నడుపుతుంది. 18 ఏళ్లలోపు తీసిన ఫొటో అయితే చాలు, ఏ దేశంవాళ్లైనా వాడుకోవచ్చు. ఫొటోని ఎక్కడికీ పంపక్కర్లేదు, మీ ఫోన్‌లోనే దానికి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారవుతుంది, ఆ కోడ్ మాత్రమే వెళ్తుంది. ఇందులో చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో సరిపోలే ఫొటోని తమ ప్లాట్‌ఫామ్‌లో పట్టుకుని తీసేస్తాయి.

ఒక పిల్లని హింసిస్తున్న వీడియో వచ్చింది. నేరస్తుడు దొరకాలని అందరికీ పంపాను. తప్పా?

తప్పే, చాలా దేశాల్లో నేరం కూడా. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు, కానీ ప్రతి ఫార్వర్డ్‌తో ఆ పిల్ల ఇంకొకరి ముందు నిలబడాల్సి వస్తోంది. ఎవరికీ పంపకుండా, వచ్చిన నంబరు, గ్రూపు పేరు, లింక్ మాత్రం పోలీసులకో, మీ దేశంలో ఇలాంటివాటిపై ఫిర్యాదులు తీసుకునే హాట్‌లైన్‌కో ఇవ్వండి. బ్రిటన్‌లో 1996లో మొదలైన ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ అలాంటిదే, వాళ్లు ఆ పేజీలు తీయించే పనిమీదే ఉంటారు.

ఇంకో సంగతి, దయచేసి దాన్ని పిల్లల పోర్న్ అనకండి. అది ఒక నేరం జరుగుతుండగా తీసిన ఆధారం. పిల్లలపై లైంగిక దోపిడీ గురించి ఏ మాటలు వాడాలో చెప్పే, 2016లో వచ్చిన లక్సెంబర్గ్ మార్గదర్శకాలు కూడా ఆ మాట వదిలేసి, పిల్లలపై లైంగిక హింస చిత్రాలు అనమని సూచించాయి.

తప్పిపోయిన పిల్లల పోస్టులు షేర్ చేయొచ్చా?

పోలీసుల పేజీ నుంచో గుర్తింపు ఉన్న సంస్థ నుంచో వచ్చిందైతే చేయండి, దొరికాక తీసేయండి. ఎవరిదో తెలియని ఫోన్ నంబరుతో తిరిగే పోస్టు వద్దు. కొట్టే తండ్రి నుంచి పారిపోయిన తల్లీబిడ్డల్ని ఆ తండ్రే ఇలా వెతికించుకోవచ్చు.

కాపాడిన పిల్లల ఫొటోలు మీ పేజీలో ఎందుకు లేవు?

ఉండవు, ఎప్పటికీ. మొహం మసకచేసినా ఆ గౌను, ఆ గోడ చూసి ఊళ్లోవాళ్లు గుర్తుపడతారు. పదేళ్ల తర్వాత ఉద్యోగానికి వెళ్లినప్పుడో పెళ్లి మాటలప్పుడో ఎవరో ఒకరు ఆ ఫొటో తీస్తారు. ఫొటోలు పెడితే విరాళాలు పెరుగుతాయని మాకు చెప్పినవాళ్లున్నారు, పెరుగుతాయనే నేనూ అనుకుంటున్నాను. అయినా పెట్టం.

మీలాంటి సంస్థకి డబ్బు ఇవ్వాలంటే ఎలా నమ్మాలి?

అడగండి, మొహమాటపడొద్దు. రిజిస్ట్రేషన్, ఆడిట్ రిపోర్టు సరే, అవి అందరూ అడుగుతారు. ఇంకా లోపలికి వెళ్లి అడగాల్సినవి వేరే ఉన్నాయి. పిల్లల దగ్గర పనిచేసేవాళ్ల నేపథ్యం ఎలా చూస్తారు? మీ సిబ్బందే ఒక పిల్లని వేధిస్తే ఆ పిల్ల ఎవరికి చెప్పుకోవాలి? పోయినేడు ఇంటికి పంపిన పిల్లల్ని ఈ ఏడు ఎవరైనా వెళ్లి చూశారా, ఎంతమంది బడిలో ఉన్నారు? ఇంతమందిని రక్షించాం అనే ఒక్క అంకె తప్ప ఇంకేమీ చెప్పలేని చోట నేనైతే నా డబ్బు ఇవ్వను. జీతాలకి డబ్బు ఖర్చవుతుందని కోప్పడకండి, కౌన్సెలరే ఆ పిల్లకి మందు.

వాలంటీర్‌గా రావాలనుంది.

రండి. కానీ మొదటిరోజే పిల్లల దగ్గరికి పంపం. ముందు పోలీసు ధ్రువీకరణ, శిక్షణ, తర్వాత కూడా పిల్లలతో ఒంటరిగా ఉండే పని ఇవ్వం. పిల్లలకి చేరువ కావాలనే ఇలాంటి సంస్థల్లోకి వచ్చే చెడ్డవాళ్లు కూడా ఉంటారు, ఆ నియమం మిమ్మల్ని అవమానించడానికి కాదు. అకౌంట్లు రాయడం, రెండు భాషల మధ్య అనువాదం, కోర్టుకి కారులో తీసుకెళ్లి తీసుకురావడం, లాయర్లయితే వాయిదాకి హాజరుకావడం, వీటికే మాకు మనుషులు చాలట్లేదు.

మా పిల్లలకి ఇవన్నీ ఎలా చెప్పాలి, భయపడరా?

భయపెట్టేలా చెబితే భయపడతారు. చిన్నప్పటి నుంచే ఒంటి భాగాలకి సరైన పేర్లు నేర్పండి. అమ్మకి చెప్పొద్దు అని ఏ పెద్దమనిషి అన్నా అమ్మకి చెప్పాల్సిన విషయం అదే అని నేర్పండి. బంధువుల ఒళ్లో కూర్చోనని పిల్ల అంటే బలవంతంగా కూర్చోబెట్టకండి. టీనేజ్ పిల్లలకి ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి, "ఎంత పెద్ద తప్పు జరిగినా సరే, నాకు చెప్పు, ముందు నిన్ను బయటికి తీసుకొస్తాను, మిగతాది తర్వాత." తర్వాత ఒక చిన్న తప్పుతో వాళ్లు మిమ్మల్ని పరీక్షిస్తారు. గ్లాసు పగిలిందనో, మార్కులు తగ్గాయనో చెబుతారు. ఆ రోజు మీరేం చేశారో గుర్తుపెట్టుకుంటారు.

ఇక్కడ లేని ప్రశ్న ఉంటే?

మెయిల్ రాయండి, రెండు మూడు రోజుల్లో జవాబిస్తాం. పిల్లల పేర్లు, ఫొటోలు మెయిల్‌లో పెట్టకండి. ఇది చదువుతున్నది పిల్లలైతే, మెయిల్ రాయక్కర్లేదు, ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా ఉన్నా సరే, లైన్‌లో మేముంటాం.